యాప్ సంగతి తర్వాత, ముందు ఎం-బుక్ (పనుల కొలతల పుస్తకం) చదవడం నేర్చుకోండి

అడిగింది ఇదీ: "మేం నలుగురం, బెజవాడే, సాఫ్ట్‌వేర్‌లో చేస్తాం, శని ఆదివారాలు ఖాళీ. గవర్నమెంటు పనులు జనానికి కనపడేలా, జనం కూడా అందులో ఓ చెయ్యి వేసేలా ఒక యాప్ కడదామనుకుంటున్నాం. మాలో ఒకడేమో అన్నీ వాట్సాప్‌లోకి వచ్చేశాయిగా, ఇంకేముంది కట్టడానికి అంటున్నాడు. ఎక్కడ మొదలెట్టమంటారు?"

తమ్ముడూ, ఆ ఒకడెవరో గానీ అతన్ని మాత్రం వదులుకోకండి, ఇలాంటి పనుల్లో అనుమానప్పక్షి ఒకడుండాలి. అతనికే ముందు జవాబు చెప్తా, అది తేలితే మీ యాప్ సంగతి సగం తేలినట్టే. నా గురించి రెండు ముక్కలు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటా. ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగా, తర్వాత గవర్నమెంటుకి సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే ఒక చోట డేటా పని చేశా, ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, ఇంటికెవరన్నా వస్తే ఆర్టీఐ (సమాచార హక్కు) అర్జీలు రాసిపెడుతుంటా. అంటే అర్జీ పెట్టే వైపూ చూశా, అర్జీ ఎట్లా తప్పించుకోవాలా అని చూసే వైపూ చూశా.

మన దగ్గర కంప్యూటరూ గవర్నమెంటూ కలవడం ఇవాళ్టి ముచ్చటేం కాదు. తొంభైల చివర్లోనే విజయవాడ కార్పొరేషన్ 'వాయిస్' అని ఒకటి పెట్టింది, బర్త్ సర్టిఫికెట్టు, ఇంటి పన్ను, నీటి పన్ను ఇలాంటివి కియోస్కుల్లో, మీరు అప్పటికి పుట్టి ఉంటే ఊయల్లో ఉండుంటారు. తర్వాత ఈ-సేవ, 2011 నవంబరులో మీసేవ, 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు, 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్, మొదట్లోనే 161 సేవలు. వీటిని నేను తీసిపారెయ్యట్లేదు. ఒక్క ఆదాయం సర్టిఫికెట్టు కోసం మా నాన్న తాలూకాఫీసు ముందు వేపచెట్టు కింద మూడ్రోజులు కూర్చోవడం నాకు గుర్తుంది, అదే సర్టిఫికెట్టు మా అబ్బాయి బస్సులో నిలబడి తెప్పించుకున్నాడు. కానీ చూడండి, ఇన్నేళ్లలో కదిలింది కౌంటరే. కౌంటరు వీధి చివరికొచ్చింది, తర్వాత జేబులోకొచ్చింది, ఫైలు మాత్రం ఆ బీరువాలోనే ఉంది. నా సర్టిఫికెట్టు నాకిచ్చారు, సంతోషం, మా సందులో పోసిన సిమెంటు రోడ్డుకి ఎన్ని మీటర్లు రాసి బిల్లు చేశారో వాట్సాప్‌ని అడిగి చూడండి ఏం చెప్తుందో. మీవాడికి చెప్పండి, చెయ్యాల్సిందంతా ఆ బీరువా దగ్గరే ఉందని.

ఈ 'ఓపెన్ గవర్నమెంట్' అనే మాట బాగా వాడుకలోకొచ్చింది 2009లో ఒబామా కుర్చీ ఎక్కగానే ఇచ్చిన మెమోతో, పారదర్శకత, భాగస్వామ్యం, సహకారం అని మూడు మాటలు రాశారందులో. దాని మీద 2011లో కొన్ని దేశాలు కలిసి ఒక పార్టనర్‌షిప్ కూడా పెట్టుకున్నాయి, మన దేశం అందులో లేదు. అయినా మనమేం వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిన వాళ్లం కాదు ఈ విషయంలో, 1996లో రాజస్థాన్ బ్యావర్ బజార్లో కూలోళ్లు నలభై రోజులు ధర్నాకి కూర్చున్నది మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), బిల్లుల కాపీలు ఇమ్మనేగా. అక్కణ్ణుంచి పుట్టిందే 2005 ఆర్టీఐ చట్టం. జనానికి ఆర్టీఐ అంటే పది రూపాయలు కట్టి అర్జీ పెట్టడమే తెలుసు, అసలు సరుకు సెక్షన్ 4లో ఉంది. ఎవరూ అడక్కముందే ప్రతి ఆఫీసూ పదిహేడు రకాల వివరాలు తనంతట తనే బయట పెట్టాలి, బడ్జెట్టు, సబ్సిడీల లబ్ధిదారులు, ఎవరి డ్యూటీ ఏంటి, అన్నీ. అది సరిగ్గా జరిగితే సగం అర్జీలు పెట్టే పనే ఉండదు.

జరగదు కాబట్టే మనకీ తిప్పలు. జరిగినా ఎట్లా జరుగుతుందో ఒక చిన్న సంగతి చెప్తా, మీరు కంప్యూటర్ వాళ్లు కాబట్టి మీకు వెంటనే తగుల్తుంది. నేను డేటా పని చేసే రోజుల్లో ఒక ఆఫీసు నుంచి పనుల జాబితా పబ్లిక్‌లో పెట్టామని గొప్పగా చెప్పారు. తెరిచి చూస్తే కంప్యూటర్లో టైపు చేసి, ప్రింటు తీసి, సారు సంతకం పెట్టి, దాన్ని వంకరగా స్కాన్ చేసి పీడీఎఫ్ పెట్టారు. నూట నలభై పేజీలు. సెర్చ్ లేదు, టోటల్ కొట్టడానికి లేదు. పోనీ ఒరిజినల్ ఫైలు ఇవ్వండయ్యా అని బతిమాలితే ఇచ్చారు, అది పాత డీటీపీ ఫాంటులో ఉంది, ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే కనపడే యూనికోడ్ కాదు, కాపీ చేసి పేస్ట్ చేస్తే తెలుగు పోయి ఇంగ్లీషు అక్షరాలూ కొక్కేలూ వచ్చాయి. కాలవ పేరు వెతకాలంటే ఏం కొట్టి వెతుకుతావు చెప్పు. దాన్ని దారికి తేవడానికి ఇద్దరం పదకొండు రోజులు కూర్చున్నాం. దాచిపెట్టాలని ఎవరూ అనుకోలేదక్కడ, అలవాటంతే, కానీ దాచినదానికీ దీనికీ తేడా ఏముంది. పైగా పెట్టినవి ఉంటాయన్న నమ్మకమూ లేదు, రాష్ట్రం జీవోలే చూడండి, వెబ్‌సైట్లో పెట్టడం 2021 ఆగస్టులో ఆపేశారు, మళ్లీ 2024 ఆగస్టులో మొదలైంది. అందుకని మీరు చేసే మొదటి మంచి పని ఏంటంటే, దొరికింది దొరికినట్టు డౌన్‌లోడ్ చేసి తేదీ వేసి దాచుకోవడం, దీనికి యాప్ అక్కర్లేదు, ఒక హార్డ్ డిస్కు చాలు.

ఇప్పుడు అసలు విషయం. జనం చెయ్యి వేస్తే ఏమవుతుందో నేను కళ్లారా చూసింది ఉపాధి హామీలో. ఉమ్మడి రాష్ట్రంలో మస్టర్లు, చెల్లింపులు అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించారు, వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు, ఉపాధి హామీ చట్టంలోనే సెక్షన్ 17 కింద సామాజిక తనిఖీ పెట్టారు, 2009లో దానికోసమే ప్రత్యేకంగా ఒక సొసైటీ కూడా పెట్టారు. పద్ధతి ఏంటంటే, కంప్యూటర్ నుంచి ఆ ఊరి లెక్క మొత్తం ప్రింటు తీసుకుని, ఆ మండలంలోనే కూలి కుటుంబాల పిల్లలకి ట్రైనింగ్ ఇచ్చి, ఇల్లిల్లూ తిరిగి చదివి వినిపించడం, ఆఖర్న మండలంలో ప్రజావేదిక, అధికారుల ముందు మైకులో చదవడం.

పల్నాటి వైపు ఒక ఊళ్లో, అప్పుడది గుంటూరు జిల్లానే, సాయంత్రం పూట ఒకావిడ ఇంటి అరుగు మీద కూర్చుని మా తనిఖీ జట్టులో అమ్మాయి చదువుతోంది. "అత్తా, ఫిబ్రవరిలో చెరువు పూడికతీత ఆరు రోజులు, ఇన్ని రూపాయలు పడ్డాయి, తీసుకున్నావా?" డబ్బులు ఆవిడ ఎకౌంటులోనే పడ్డాయి, సంతకం ఉంది, కొలతలు ఉన్నాయి, కంప్యూటర్ లెక్క ప్రకారం అంతా కరెక్టు. ఆవిడ చేటలో మిరపకాయల తొడిమలు తీస్తూ తలెత్తకుండానే అంది, "ఆ వారం మిరప కోతలమ్మా, కోతకి ఎక్కువ కూలిస్తా ఉంటే మట్టి పనికెవరు పోతారు? ఊళ్లో ఒక్కరు పోలా." అంతే. డబ్బులు పడిన మాట నిజమే, సగం వెనక్కిచ్చేసింది మేటుకి, అంటే పని దగ్గర హాజరు వేసేవాడికి, అది తర్వాత బయటికొచ్చింది, ఆ వారం మస్టర్ మొత్తం అట్లాంటిదే. నేను డేటాబేసులో ఎన్ని క్వెరీలు రాసినా అది దొరికేది కాదు, ఎందుకంటే మిరప కోతలు ఏ టేబుల్లోనూ లేవు. అట్లాగని ఆ ప్రింటు లేకపోతే ఆవిడా చెప్పేది కాదు, తన పేరు మీద ఫిబ్రవరిలో ఏం రాశారో ఆవిడకి తెలీదుగా. నాకు తెలిసిన 'కొలాబరేషన్' ఇదే తమ్ముడూ, దీనికి మించి ఏ కాన్ఫరెన్సులోనూ నేను వినలా.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా అదే పథకంలో ఉంది. హాజరు ఫోన్‌లో ఫొటోలతో వెయ్యాలని 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు, రోజుకి రెండు ఫొటోలు, లొకేషన్‌తో సహా. ఏమైంది? ఫొటోకి ఫొటో తీసి ఎక్కించడం మొదలెట్టారు, పనికి సంబంధం లేని బొమ్మలు పెట్టారు, 2025లో కేంద్ర శాఖే ఇవన్నీ రాసి రాష్ట్రాలకి లెటరు పంపింది. ఫొటో పైకి పోయింది, ఊళ్లో అరుగు మీదకి రాలేదు, వచ్చుంటే ఆ అత్త ఒక్క చూపులో చెప్పేది వీళ్లు మన ఊరోళ్లు కాదని. మా వీధి మురుగు కాలవ కంప్లయింటుదీ అదే కథ, ఎక్కడిచ్చానో ఎవరికిచ్చానో వద్దులే, నాలుగో రోజు 'పరిష్కరించబడింది' అని మెసేజీ వచ్చింది, ఫొటోతో. ఫొటోలో శుభ్రమైన కాలవ, పక్కన గులాబి రంగు గోడ. మా వీధిలో గులాబి రంగు గోడ లేదు. మళ్లీ తెరవమంటే 'మీరు సంతృప్తి చెందారా' అని ఒకటి నుంచి ఐదు దాకా నొక్కమంది. అందుకే నేను చెప్పేది, ఫిర్యాదు మూసే అధికారం పని చేసిన ఆఫీసు చేతిలో కాకుండా ఫిర్యాదు పెట్టినవాడి చేతిలో ఉండాలి, లేదంటే కనీసం ఆ ఫొటో ఆ వీధి వాళ్లందరికీ కనపడాలి. మీరు ఏదన్నా కడితే ఈ ఒక్కటి మర్చిపోకండి.

బుడమేరు వరద టైములో మీరు ఊళ్లోనే ఉన్నారా? 2024 సెప్టెంబరు 1 నుంచి సింగ్ నగర్ వైపు ఏం జరిగిందో నేను చెప్పక్కర్లేదు. మా చెల్లెలు వాళ్లు అక్కడే. నీళ్లు తీశాక నష్టపరిహారం లెక్కలు, కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తు వాళ్లకి 10 వేలు. సచివాలయం గోడకి జాబితా అంటించారు. మంచి పనే, గోడ మీద జాబితా అంటే ఓపెన్ డేటానే, మన దేశంలో అన్నిటికన్నా ఎక్కువమంది చదివే ఫార్మాట్ అది. కానీ ఎట్లా అంటించారు, సర్వే చేసిన వరసలో, డోర్ నంబర్ల వరసలో కాదు, పేర్లు ఇంగ్లీషులో, చిన్న అక్షరాలు. వందలమంది, ఫోన్ లైట్లు వేసుకుని వెతుక్కుంటున్నారు, కళ్లద్దాలు నీళ్లలో పోయిన ముసలాయన ఒకాయన పక్కవాణ్ణి మావాడి పేరుందేమో చూడు నాయనా అని అడుగుతూనే ఉన్నాడు.

మా మేనకోడలు డిగ్రీ సెకండియర్, అది చేసిన పనేంటంటే ఆ కాగితాలన్నీ వరసగా ఫొటోలు తీసుకుని, జిరాక్స్ షాపులో కూర్చుని ఎక్సెల్‌లో కొట్టి, డోర్ నంబరు ప్రకారం సార్ట్ చేసి, పేర్లు తెలుగులో వేసి, మళ్లీ ప్రింటు తీసి పాత కాగితాల పక్కనే అంటించింది. సచివాలయం అమ్మాయిని అడిగే అంటించింది, ఆ అమ్మాయి అయితే చేతులు పట్టుకుందట, పొద్దుట్నుంచి తిట్లు తింటోంది పాపం. సార్ట్ చెయ్యగానే కనపడ్డాయి తప్పులు. ఒకే బిల్డింగులో మూడు కుటుంబాలు ఉంటే రెండే ఉన్నాయి, మూడోవాళ్లు అద్దెకున్నోళ్లు, సర్వేకి వచ్చిన రోజు చుట్టాలింట్లో ఉన్నారు. ఒక వరసలో కింద ఇంటికి పది, మీద ఇంటికి ఇరవై అయిదు పడింది, తారుమారు. మొత్తం ఒక కాగితం మీద రాసి ఇచ్చారు, చాలావరకు సరిచేశారు కూడా, అన్నీ అని చెప్పను. ఆ పిల్లకి కోడింగ్ రాదు. ఎక్సెల్ వచ్చు, వీధి తెలుసు.

బయటి దేశాల్లోవీ చూడండి, తప్పులేదు, కానీ యాప్ చూడకుండా అందులో కిటుకు చూడండి. తైవాన్‌లో 2015లో ఊబర్ రావాలా వద్దా అని పెద్ద గొడవైనప్పుడు పోలిస్ అనే టూలు పెట్టి జనం మాట తీసుకున్నారు. దాంట్లో కిటుకు ఏంటో తెలుసా, రిప్లై బటన్ లేదు. నీ మాట నువ్వు రాయొచ్చు, ఎదుటివాడి మాటకి అవును, కాదు, తెలీదు అని నొక్కొచ్చు, తిరిగి వాడి మీద విరుచుకుపడటానికి లేదు. దాంతో అరుపులు తగ్గి, టాక్సీ వాళ్లూ ఊబర్ వాళ్లూ ఇద్దరూ ఒప్పుకునే మాటలు కొన్ని పైకి తేలాయి, లైసెన్సు, ఇన్సూరెన్సు లాంటివి, వాటి మీద రూల్స్ వచ్చాయి. మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పార్కింగ్ గురించి ఒక్కసారి గొడవ చూసినవాడికి ఆ రిప్లై బటన్ లేకపోవడం విలువేంటో తెలుస్తుంది. అలాగే ఎస్టోనియాలో నా డేటా ఏ ఆఫీసరు ఎప్పుడు తెరిచి చూశాడో నేను చూసుకోవచ్చు, మన దగ్గర ఆధార్ ఇచ్చి ఇచ్చి చేతులు అరిగాయి గానీ ఎవరు చూశారో మనకి తెలిసేదెక్కడ.

సరే, మీరేం చెయ్యాలి. ముందు ఒక పంచాయతీ తీసుకోండి, సిటీ పక్కన మీలో ఎవరికన్నా చుట్టాలున్నది. ఎందుకు పంచాయతీ అంటే, ఈ-గ్రామ్‌స్వరాజ్ అని 2020 ఏప్రిల్ నుంచి ఉంది, లాగిన్ లేకుండానే ఏ పంచాయతీ ఏం ప్లాన్ రాసుకుంది, ఏ ఓచరు మీద ఎంత కట్టింది చూడొచ్చు, కార్పొరేషన్ల లెక్కలకి అట్లాంటిది అంత సుళువుగా దొరకదు. అందులో ఒక సిమెంటు రోడ్డో డ్రెయినో, ఒక్కటి, ఒక్కటే తీసుకోండి. ఆ పనికి ఎస్టిమేటు, ఎం-బుక్, బిల్లు కాపీల కోసం ఆర్టీఐ పెట్టండి. మన రాష్ట్రంలో ఊరి స్థాయి ఆఫీసుకి అర్జీ ఫీజే లేదు, మండలం అయితే 5 రూపాయలు, పైన 10. ముప్పై రోజులు. రాకపోతే ఇంకో ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు, భయపడకండి, చాలావరకు అక్కడే ఇస్తారు. ఆర్టీఐ చట్టంలో సెక్షన్ 2(జె) చదవండి, కాపీలే కాదు, పనిని వెళ్లి చూసే హక్కు, సిమెంటు శాంపిల్ తీసుకునే హక్కు, డేటా ఎలక్ట్రానిక్‌గా తీసుకునే హక్కు ఉంది, 2005 నాటి చట్టం కదా, ఫ్లాపీల్లో ఇవ్వొచ్చు అని కూడా రాసుంది, నవ్వొస్తుంది గానీ ఎక్సెల్ ఫైలు అడగడానికి అదే మనకి ఆధారం.

ఎం-బుక్ అంటే కొలతల పుస్తకం, గవర్నమెంటు పనిలో ప్రాణమంతా అందులో ఉంటుంది. పొడవు, వెడల్పు, మందం, మొత్తం, అంతే, నాలుగు గళ్లు. ఒకసారి ఇద్దరు కుర్రాళ్లు ఇట్లాగే ఒక రోడ్డుది తెచ్చారు నా దగ్గరికి, 60 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం, 27 ఘనపు మీటర్ల కాంక్రీటు. వీళ్లు టేపు పెట్టి కొలిస్తే 52 మీటర్లే ఉంది. ఇంకేముంది, ఎనిమిది మీటర్లు మింగేశారని ఆ రాత్రే ఆఫీసరు ఫొటోతో సహా పోస్టు పెట్టబోయారు, ఆగండ్రా అని ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గరికి పంపించా. ఏఈ బండి మీద వచ్చి చూపించాడు, పక్క సందులోకి తిరిగే మలుపులో గొయ్యి పడితే ఆ ఎనిమిది మీటర్లు అక్కడ పోశారు, పనిపేరు మాత్రం మార్చలేదు. తప్పే, రాయాల్సింది, కానీ దొంగతనం కాదు. ఆ ఏఈ తర్వాత ఆ కుర్రాళ్లకి ఇంకో మూడు పనుల ఎం-బుక్కులు అర్జీ లేకుండానే చూపించాడు, వాటిలో ఒకదాంట్లో నిజంగానే తేడా దొరికింది, అది ఏఈయే పైకి రాశాడు. ఆ రాత్రి పోస్టు పెట్టుంటే ఆ తలుపు అక్కడితో మూసుకునేది. కింది ఉద్యోగిని శత్రువు అనుకోకండి, అతనికి కూడా పైనుంచి వచ్చే ఒత్తిడికి అడ్డుపెట్టుకోవడానికి 'జనం చూస్తున్నారు సార్' అనే మాట కావాలి.

ఒక జాగ్రత్త. జాబితాలు బయట పెట్టేప్పుడు పేరు, పని, డబ్బు ఉంచండి, ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, బ్యాంకు ఎకౌంటు తీసెయ్యండి, గవర్నమెంటే పొరపాటున పెట్టినా మీరు మళ్లీ పెట్టొద్దు. ఇంకో వైపు, 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టంతో ఆర్టీఐ సెక్షన్ 8(1)(జె) మార్చారు, వ్యక్తిగత సమాచారం అంటే ఇవ్వక్కర్లేదు అని తేల్చేశారు, ఇక ఏది అడిగినా 'వ్యక్తిగతం' అనే జవాబు రావచ్చు. అప్పుడు 8(2) చూపించండి, ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చు అన్నది అక్కడ ఇంకా ఉంది. ఎం-బుక్‌లో వ్యక్తిగతం ఏముంటుంది అసలు, కాంక్రీటు తప్ప.

యాప్ గురించి అడిగారు, ఏం చెప్పను, పది పనులు ఇట్లా కొలిచాక మీకే తెలుస్తుంది ఏం కట్టాలో. బహుశా యాప్ కాకపోవచ్చు, స్కాన్ పీడీఎఫ్‌లని తెలుగు యూనికోడ్ టేబుళ్లుగా మార్చే ఒక చిన్న స్క్రిప్టు కావచ్చు, నిజం చెప్పాలంటే దానికోసం నాలాంటివాళ్లు పదిహేనేళ్ల నుంచి కాచుకుని ఉన్నారు. లేదా డోర్ నంబర్ల వరసలో జాబితా ప్రింటు తీసిపెట్టే బటన్ ఒకటి. మొదటి ఎం-బుక్ కాపీ చేతికి రాగానే ఒక ఆదివారం పొద్దున్నే గుంటూరు రండి, గంట ప్రయాణం, కూర్చుని చదువుదాం. ల్యాప్‌టాప్ అక్కర్లేదు. ముప్పై మీటర్ల టేపు ఒకటి కొనుక్కోండి, ఫైబర్‌ది, ఇనపది ఎండకి చెయ్యి కాలుద్ది.